హైవే భయమున్నవారికి దారి చెప్పే యాప్ ఎంతవరకు తోడు?

చిన్న వీధుల్లో, ఖాళీ రోడ్ల మీద ఎన్నో ఏళ్లుగా కారు నడుపుతున్నా, పెద్ద నగరం మధ్యగా సాగే హైవే ఎక్కగానే నా అరచేతులకు చెమట పట్టడం ఇప్పటికీ మానలేదు. అటూ ఇటూ నాలుగైదు లేన్లు, కిలోమీటరు తిరిగేలోగా మరో ఎగ్జిట్, వెనక చూపే అద్దం నిండా ఒక లారీ ముఖం, వీటన్నిటి మధ్య ఎటు తిరగాలో కూడా నేనే గుర్తుపెట్టుకోవాలంటే నా వల్ల కాదు. అందుకే ఏడాదిన్నరగా ఫోన్‌లో ఉచితంగా దొరికే, గొంతుతో దారి చెప్పే మ్యాప్ యాప్‌ను నమ్ముకుని నగరాలు దాటుతున్నాను. రోడ్డంటే జంకు లేనివారు ఇలాంటి యాప్‌ల గురించి చాలానే రాశారు. వారికి కావలసింది పది నిమిషాలు ముందుగా చేరడం. నాకు కావలసింది గుండె దడ లేకుండా చేరడం. ఈ సమీక్ష ఆ రెండో అవసరాన్ని బట్టి రాసినది. యాప్ పేరు చెప్పడం లేదు. ఈ రకానికి చెందినవన్నీ దాదాపు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి, ఇక్కడి మంచిచెడ్డలు చాలావరకు మీరు వాడే దానికీ వర్తిస్తాయి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. దారి చెప్పడంలో దీనికి వంక పెట్టలేను. వ్యవధి ఇవ్వడంలో మాత్రం ఇది భయస్థుల కోసం తయారైనది కాదు.

ఈ మాట ఎందుకంటున్నానో ఒక చిన్న లెక్కతో చెబుతాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనుకు సుమారు 22 మీటర్లు ముందుకు పోతుంది. ‘రెండు కిలోమీటర్ల తర్వాత ఎగ్జిట్ తీసుకోండి’ అని యాప్ మొదటిసారి చెప్పినప్పుడు నా చేతిలో ఒకటిన్నర నిమిషం ఉంటుంది. అది చాలు. కానీ ఆ తర్వాత అది చాలాసేపు మౌనంగా ఉండిపోయి, 400 మీటర్లు మిగిలి ఉండగా మళ్లీ నోరు విప్పుతుంది. అప్పటికి మిగిలేది 18 సెకన్లు. ఇప్పుడు నా లేన్ మార్పు ఎలా ఉంటుందో చూడండి: మధ్య అద్దం, పక్క అద్దం, ఇండికేటర్, అది మూడు నాలుగు సార్లు వెలిగి ఆరే వరకు ఆగడం, అద్దంలో కనబడని మూల కోసం భుజం మీదుగా ఒక చూపు, మళ్లీ ముందుకు ఒక చూపు, అప్పుడు మెల్లగా పక్కకు జరగడం. ఒక్క లేన్ మారడానికి నాకు ఎనిమిది నుంచి పది సెకన్లు పడుతుంది. మూడు లేన్లు దాటాల్సి వస్తే అర నిమిషం. పద్దెనిమిది సెకన్లలో అర నిమిషం పని ఎవరూ చేయలేరు, చేయబోయినవారు పక్కవాడి మీదికి వెళ్తారు. ఆ రెండో హెచ్చరిక అప్పటికే సరైన లేన్‌లో ఉన్నవారి కోసం ఉద్దేశించినదని అర్థం చేసుకోవడానికి నాకు చాలా ప్రయాణాలు పట్టాయి. నేను ఏ లేన్‌లో ఉన్నానో దానికి తెలుసనుకుని, నేను మారనవసరం లేదు కాబట్టే అది మాట్లాడటం లేదనుకుని, దాని మౌనాన్ని అంగీకారంగా తీసుకున్నాను.

నిజానికి ఆ సంగతి దానికి తెలియదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సంకేతాలు ఎంతసేపటికి చేరాయో కొలిచి, కనీసం నాలుగు ఉపగ్రహాల లెక్కలు కలిపి, ఫోన్ మనం ఉన్న చోటు కనుక్కుంటుంది. ఆకాశం శుభ్రంగా కనిపించే చోట కూడా మామూలు ఫోన్ లెక్కలో ఐదు మీటర్ల దాకా తేడా రావచ్చు. హైవే మీద ఒక లేన్ వెడల్పు మూడున్నర మీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది. అంటే నేను ఫలానా రోడ్డు మీద ఉన్నానని అది ధైర్యంగా చెప్పగలదు కానీ, ఆ రోడ్డు మీద ఏ గీతకు ఏ పక్కన ఉన్నానో ఖాయంగా చెప్పలేదు. ఇరువైపులా ఎత్తైన మేడలుంటే సంకేతాలు గోడలకు తగిలి, చుట్టు తిరిగి ఆలస్యంగా వస్తాయి కనుక తేడా ఇంకా పెరుగుతుంది. నాకు ధైర్యం ఎక్కువగా అవసరమయ్యేది సరిగ్గా అలాంటి చోట్లలోనే.

ఈ లోటు పూడ్చడానికి తెర మీద ఒక మంచి ఏర్పాటు ఉంది. పెద్ద జంక్షన్ దగ్గర పడుతుండగా రోడ్డు మీది లేన్లు బాణం గుర్తుల వరుసగా కనిపిస్తాయి. మనం ఉండవలసినవి తెల్లగా వెలుగుతాయి, మిగిలినవి మసకగా ఉంటాయి. ‘కుడివైపు నుంచి రెండో లేన్’ అని ముందే తెలియడం ఎంత ఊరటో అలవాటైన డ్రైవర్లకు చెప్పినా అర్థం కాదు. యాప్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. దీన్ని చెడగొట్టేది కూడా ఆ యాప్‌లోనే ఉండటం విచిత్రం. ఒకసారి రోడ్డు మూడుగా చీలే చోటికి చేరుతూ బాణాల కోసం తెర వైపు చూశాను. సరిగ్గా వాటి మీదుగా ఒక తెల్లని పెట్టె తెరుచుకుని, ముందు ఆగి ఉన్న వాహనం ఇంకా అక్కడే ఉందా, అవును, కాదు అని అడుగుతోంది. ఆ పెట్టె తనంతట తాను మూసుకునే దాకా స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకుని, ముందున్న కారు ఎటు పోతే అటే పోయాను. దాని గమ్యమూ నా గమ్యమూ ఒకటి కాదని తర్వాత తెలిసింది. నడిపే మనిషిని జంక్షన్ ముందు ప్రశ్నలు అడగాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వారు ఎప్పుడూ వెనక సీట్లోనే ప్రయాణించి ఉంటారు.

ఫ్లైఓవర్ల దగ్గర ఇంకో చిక్కు. ఉపగ్రహాలన్నీ తలపైన ఆకాశంలోనే ఉంటాయి, కాళ్ల కింద ఉండవు కదా. అందుచేత ఎత్తును లెక్కించడంలో ఫోన్ చేసే పొరపాటు, అడ్డంగా చేసే పొరపాటు కన్నా సాధారణంగా పెద్దది. ఫ్లైఓవర్ మీదున్నా దాని కింద సర్వీస్ రోడ్డులో ఉన్నా మ్యాప్‌లో చుక్క ఒకే చోట పడుతుంది. నేను కింద సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, పైన ఉన్నాననుకుని ‘నేరుగా వెళ్లండి’ అని చెప్పిన సందర్భాలు ఉన్నాయి. ఇప్పుడు ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా అన్నది బయలుదేరే ముందే చూసుకుంటున్నాను. పొడవాటి సొరంగంలోకి వెళ్తే సంకేతం అందక, లోపలికి వచ్చినప్పటి వేగాన్ని బట్టి బాణాన్ని అంచనాగా ముందుకు నడిపిస్తుంది. లోపల ట్రాఫిక్ నిలిచిపోతే బాణం మాత్రం మనల్ని వదిలేసి వెళ్లిపోతుంది.

ఇక దీనికి నేను నిజంగా రుణపడి ఉన్న విషయానికి వస్తాను. ఎగ్జిట్ తప్పిపోతే ఇది ఏమీ అనదు.

మొదటిసారి తప్పినప్పుడు వర్షం పడుతోంది, పక్క లేన్‌లో బస్సు నాతో సమానంగా వస్తోంది, ఎగ్జిట్ మొదలయ్యే చోట నేలమీద గీసిన త్రికోణపు చారలు చూస్తుండగానే దగ్గరకు వచ్చేశాయి. ఆ చారల మీదుగా కోసుకుపోవడం ఎంత ప్రమాదమో పుస్తకంలో చదివి ఉన్నాను. అయినా ఆ క్షణంలో చేయి స్టీరింగ్‌ను అటు తిప్పబోయింది. పక్కన కూర్చున్న అక్క ‘పోనీలే, నువ్వు నేరుగా పో’ అంది. పోయాను. రెండు మూడు సెకన్లు తెర మీద ఏదో తిరిగి, నీలిరంగు గీత కొత్తగా పరుచుకుంది, చేరే సమయం ఆరు నిమిషాలు పెరిగింది, గొంతు మాత్రం అంతకు ముందున్నట్టే ఉంది. ఎగ్జిట్ తప్పడమంటే ఇన్నాళ్లూ నా ఊహలో ఉన్నది ఒక ఘోరం. దాని అసలు ఖరీదు ఆరు నిమిషాలని యాప్ అంకె వేసి చూపించింది. ఆ తర్వాత నుంచి పక్క లేన్ ఖాళీగా లేకపోతే నేను అసలు ప్రయత్నించను. తర్వాతి ఎగ్జిట్ దాకా అలాగే వెళ్లిపోతాను. లేన్ మారడం ఎలాగో పాఠాలు చెప్పినవారున్నారు గానీ, మారకుండా ఉండిపోవచ్చన్న ధైర్యం నాకు ఈ యాప్ వల్లే వచ్చింది.

సెట్టింగుల్లో ‘హైవేలు వద్దు’ అన్న ఎంపిక చూసి మొదట్లో నాకోసమే పెట్టారనుకుని ఎంతో సంబరపడ్డాను. ఇది ఒట్టి ఉచ్చు. నగరం దాటడానికి హైవే మీద నాలుగు మలుపులుంటే, ఆ ఎంపిక పెట్టుకున్న రోజు నలభై మలుపులు తిరిగాను. ఎదురుగా వచ్చే వాహనాలకు అడ్డంగా తిరగడం, పార్క్ చేసిన కార్ల మధ్య నుంచి హఠాత్తుగా బయటికి వచ్చే మనుషులు, సైకిళ్లు, సిగ్నల్ లేని కూడళ్లు, వీటిలో ఏవీ హైవే మీద ఉండవు. వేగం భయపెడుతుంది నిజమే. కానీ అక్కడ అందరూ ఒకే దిక్కుగా పోతుంటారు, ఎదురు వచ్చేవారు డివైడర్‌కు అవతల ఉంటారు. దారి ఎంచుకునేటప్పుడు యాప్ చూసేది ప్రధానంగా సమయాన్నీ దూరాన్నీ. ఒక మలుపు మనిషిని ఎంత కంగారు పెడుతుందన్నది ఆ లెక్కలో లేదు. రెండు నిమిషాలు మిగులుతాయని నన్ను హైవే దింపి, ఇరుకు సందుల్లో తిప్పి, మళ్లీ అదే హైవే ఎక్కించిన రోజులూ ఉన్నాయి. అలాంటి వేగవంతమైన దారి దొరికిందని అది మధ్యలో చెప్పినప్పుడు నేను ఇప్పుడు వినిపించుకోను.

మ్యాప్ మీది ఎరుపు రంగు గురించి ఒక విషయం చెబితే నవ్వుతారేమో. రోడ్ల మీద కదులుతున్న వేల ఫోన్ల వేగాన్ని పోగుచేసి, నెమ్మదిగా సాగే చోట్లను యాప్ ఎర్రగా చూపిస్తుంది. అందరూ ఎరుపును తప్పించుకోవాలని చూస్తారు. నాకు మాత్రం ఎరుపు కనబడితే హాయి. అక్కడ అందరూ నడక వేగంతో జరుగుతుంటారు, లేన్ మారాలంటే చేయి చూపించినా దారి ఇస్తారు. నన్ను భయపెట్టేది ఎరుపు మొదలయ్యే అంచు, అంటే 80తో వస్తున్న వరుస ఉన్నట్టుండి ఆగిపోయే చోటు. ఆ అంచు ఇంకెంత దూరంలో ఉందో తెర మీద చూసి ముందుగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేయగలగడం ఈ యాప్ ఇచ్చిన పెద్ద సౌకర్యం, దీని గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు.

వాడదలచినవారికి కొన్ని మాటలు. ఫోన్‌ను ఒళ్లో, కప్ పెట్టే గుంటలో పెట్టుకోవద్దు. 80 వేగంతో రెండు సెకన్లు కిందికి చూస్తే 44 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. స్టాండు అద్దానికి అడ్డం రాకుండా, రోడ్డు మీది నుంచి చూపు ఎక్కువగా దించనవసరం లేని ఎత్తులో ఉండాలి. గొంతు కారు స్పీకర్లలో వినిపించేలా బ్లూటూత్ కలిపి, పాటలు ఆపేయండి. ఆ ప్రాంతపు మ్యాప్‌ను ముందే దించుకుంటే, ఉపగ్రహాల సంకేతానికి మొబైల్ డేటా అక్కర్లేదు కనుక, నెట్ పోయినా దారి పోదు. తెలుగు గొంతు పేర్లను విరిచి పలుకుతుంది కాబట్టి పేరు కోసం చెవి ఒగ్గకుండా ఎగ్జిట్ నంబరు కోసం వినడం మేలు.

తయారు చేసేవారు ఒక్కటి మారిస్తే దీనికి ఇంకొక నక్షత్రం ఇస్తాను. హెచ్చరిక ఎంత ముందుగా రావాలో నన్నే ఎంచుకోనివ్వాలి. 400 మీటర్లకు బదులు కిలోమీటరు ముందు ఒకసారి, మళ్లీ 600 దగ్గర ఒకసారి చెప్పినా నాకు విసుగు రాదు. అక్క పక్కన ఉన్న రోజున ఇదే జరుగుతుంది. ‘ఇప్పటి నుంచే మెల్లగా పక్కకు వచ్చెయ్, ఇంకా చాలా దూరముంది’ అంటుంది. యాప్ నోట ఆ రెండో ముక్క ఒక్కసారి కూడా వినలేదు. ప్రస్తుతానికి ఐదుకు మూడున్నర.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం, అద్దం వెనక ఎండకు వేడెక్కి ఫోన్ తెర నల్లబడింది. చల్లారే దాకా పనిచేయనని ఒక వాక్యం మాత్రం మిగిలింది. సరిగ్గా నగరం నడిబొడ్డున ఉన్నాను. అదృష్టవశాత్తు ఆ ముందు రాత్రే యాప్‌లో దారంతా ఒకసారి నడిపించుకుని చూసి, మూడు ఎగ్జిట్ల నంబర్లూ, ఒక్కొక్కటి ఏ వైపో, ఒక చీటీ మీద అంగుళమంత పెద్ద అక్షరాలతో రాసి స్పీడోమీటర్ పక్కన అంటించాను. మూడింటిలో రెండు దాటే వరకు ఫోన్ తేరుకోలేదు. రెండింటికీ సరైన లేన్‌లోనే ఉన్నాను, ఎందుకంటే ఎవరో చెబుతారని ఎదురుచూడకుండా కిలోమీటరున్నర ముందే పక్కకు జరిగిపోయాను.