15 ఏళ్లు, 1,40,000 కిలోమీటర్లు: మా ఆల్టో ఇంజన్

2009లో విశాఖలో కొన్న ఆల్టో ఇది. 796 సీసీ, మూడు సిలిండర్లు, పన్నెండు వాల్వులు, 47 హార్స్‌పవర్. 1,40,000 కిలోమీటర్లు తిరిగినా ఇంజన్ ఒక్కసారి కూడా విప్పలేదు. అందుకే దాని గురించే రాస్తున్నాను.

మొదట్లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వచ్చే వణుకు చూసి ఇంజన్‌లో ఏదో లోపం ఉందనుకున్నాను. లోపం కాదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగుతూ గాలినీ పెట్రోలునూ పీల్చుకుంటుంది, పైకి వస్తూ నొక్కుతుంది. ప్లగ్ నిప్పురవ్వకు అదంతా మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. మళ్లీ పైకి వస్తూ పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగింటిలో బలాన్నిచ్చేది మూడోది ఒక్కటే. మిగతా మూడూ ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఊపు మీద, పక్క సిలిండర్ల సాయంతో గడుస్తాయి. ఇదంతా జరిగేసరికి క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, రెండు చుట్లు తిరుగుతుంది. 900 ఆర్‌పీఎం (నిమిషానికి 900 చుట్లు) దగ్గర మూడు సిలిండర్లూ కలిపి సెకనుకు ఇరవై రెండు సార్లే మండుతాయి కాబట్టి ఆ దెబ్బలు ఒంటికి తెలుస్తాయి. 3000 దగ్గర సెకనుకు డెబ్బై ఐదు. అక్కడ వణుకు జాడే ఉండదు.

ఈ లెక్క నాకు బాగా పనికొచ్చింది అరకు దారిలో. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కేటప్పుడు, నలుగురం ఉన్నా, బద్ధకించి పై గేర్‌లోనే లాగించేవాణ్ని. ఆర్‌పీఎం పడిపోయి లోపల టకటకమని చప్పుడు. ప్లగ్ దగ్గర మొదలైన మంట చేరేలోపే, మిగిలిన మిశ్రమం ఒత్తిడికి తనంతట తానే భగ్గుమనడం అది. పిస్టన్లకు చాలా చెడ్డది. ఇప్పుడు ఏసీ ఆపేసి, ముందే సెకండ్‌లోకి దిగిపోతాను. హాయిగా ఎక్కుతుంది.

దిగేటప్పుడూ సెకండ్ గేరే. యాక్సిలరేటర్ వదిలేస్తే గాలిదారి దాదాపు మూసుకుపోతుంది. పిస్టన్లు అందని గాలి కోసం పెనుగులాడతాయి. ఆ పెనుగులాటే కారును పట్టి ఉంచుతుంది. పైగా ఆ సమయంలో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు దాన్ని ఆపేస్తాయి. ఆదా అనుకుని న్యూట్రల్‌లో దిగేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఒకసారి మాత్రం టెన్షన్ పడ్డాను. ప్లగ్‌లు మార్చకుండా చాలాకాలం నడిపాను, తప్పు నాదే. మధురవాడ దగ్గర మిస్సింగ్, అంటే ఒక సిలిండర్ మండకపోవడం, మొదలైంది. మూడింటిలో ఒకటి ఆగితే మూడో వంతు బలం పోయినట్టే, కారు కుంటుతూ నడిచింది. మెకానిక్ ఒక్కో ప్లగ్ వైరూ తీసి చూశాడు. ఏ వైరు తీసినప్పుడు ఇంజన్ శబ్దం మారలేదో, ఆ సిలిండరే పని చేయనిది. ఐదు నిమిషాల్లో పట్టేశాడు.

మైలేజీ ఊళ్లో 16, హైవే మీద 20 దాకా ఇస్తోంది. వాల్వులను క్రాంక్‌తో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్ట్ లక్ష కిలోమీటర్ల దగ్గర మార్పించాను, అందులో బేరం చూసుకోకండి.

ఇలాంటిది సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నవాళ్లు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. స్టార్ట్ చేయమని సైలెన్సర్ వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టే, ఆయిల్ లోపలికి రాకుండా ఆపే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో అరిగిపోయాయి. బాడీ ఎంత మెరుస్తున్నా ఆ బండి వద్దు.