ఆపరేషన్ ముందు డైట్ ప్యాకేజీ: డైటీషియన్‌కి నాలుగు స్టార్లు, పౌడర్ డబ్బాకి ఒక్కటే

బరువు తగ్గే ఆపరేషన్ (నాది స్లీవ్, అంటే జీర్ణాశయంలో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చేది) చేయించుకునే వాళ్లకి ముందు రెండు వారాలు డైట్ పెడతారు. డైటీషియన్ కన్సల్టేషన్, ఒక చార్టు, వాళ్ల ఫార్మసీలోనే దొరికే ప్రోటీన్ పౌడర్, మూడూ కలిపి ఒకే బిల్లు. నేను చేరింది హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో, పేరు రాయను. ఈ రివ్యూ ఆ ప్యాకేజీ గురించే, సర్జన్ గురించి కాదు.

ముందు మంచి సంగతి. ఈ డైట్ ఎందుకో డైటీషియన్ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. ఏదో నాలుగు కిలోలు తగ్గి రమ్మంటున్నారు అనుకుంటాం కానీ అసలు గొడవంతా లివర్‌తోనట. లావుగా ఉన్నవాళ్లలో చాలామందికి ఫ్యాటీ లివర్ ఉంటుంది, దాని ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం పైభాగాన్ని కప్పేసి ఉంటుంది, లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) దాన్ని ఎత్తి పట్టుకునే కింద పని చేయాలి. అన్నం, పిండి, చక్కెర బాగా తగ్గిస్తే లివర్‌లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ (ఒంట్లో దాచుకున్న చక్కెర), దాన్ని అంటుకున్న నీరు ముందు పోతాయి, కొవ్వు కూడా కొంత కరుగుతుంది, లివర్ చిన్నదవుతుంది. ఇది తెలిశాక ఆకలి తగ్గలేదు గానీ చిరాకు మాత్రం తగ్గింది.

చార్టు మాత్రం మన ఇళ్లు చూడనివాళ్లు రాసినట్టుంది. బ్రొకోలీ సూప్, గ్రీక్ యోగర్ట్, ఇంకేవో. ఫోన్ చేస్తే "మేడమ్, మీ ఇంట్లో చారు పెట్టరా?" అంది ఆవిడ. అక్కణ్నుంచి దారి తేలికైంది: వడకట్టిన పెసరకట్టు, మిరియాల చారు, వెన్న తీసిన పలచటి మజ్జిగ, నూనె లేని చికెన్ సూప్. గంజి, రాగిజావ, బత్తాయి జ్యూస్ కూడా తాగేవే కదా అని అడిగితే ఒప్పుకోలేదు, తాగినా అది పిండీ చక్కెరే అంది. మొదటి మూడు రోజులూ తలనొప్పి, నీరసం, ఎవరు పలకరించినా కోపం. మా అత్తయ్యేమో "కోతకి వెళ్లే మనిషిని కడుపు మాడ్చి పంపుతారా" అని రోజూ దండకం. తర్వాత ఆకలి దానంతటదే సర్దుకుంది.

ఒక పెద్ద లోపం: షుగర్ మాత్రల గురించి చార్టులో ఒక్క ముక్క లేదు. తిండి అంత తగ్గించి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో, ఇన్సులినో పాత డోసులోనే తీసుకుంటే షుగర్ పడిపోతుంది. నేను అడిగాక ఫిజీషియన్‌తో మాట్లాడించి డోసు మార్పించారు. అడగని వాళ్ల సంగతేంటి? మీకు షుగర్ ఉంటే మాత్రల సంగతి తేలాకే డైట్ మొదలుపెట్టండి.

ఇక పౌడర్. వెనిల్లా అన్నారు, మూత తీస్తే పాత బిస్కెట్ ప్యాకెట్ వాసన. వేడి నీళ్లలో వేస్తే ఉండలు కట్టి అంచులకి జిగురులా పట్టుకుంటుంది, చల్లటి నీళ్లలో షేకర్‌తో గిలకొడితే పర్లేదు. అసలు కోపం లేబుల్ చూశాక వచ్చింది. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి వరుసగా రాస్తారు కదా, ఇందులో రెండో పేరే మాల్టోడెక్స్‌ట్రిన్. అంటే పిండి నుంచి తీసిందే! అన్నం మానమని వాళ్లే చెప్పి ఇదే అమ్మడం ఏంటండీ? బయట చక్కెర లేని వే ఐసొలేట్ (పాల విరుగుడు నీళ్ల నుంచి తీసిన, దాదాపు అంతా ప్రోటీనే ఉండే పౌడర్) దొరికింది, లేబుల్ ఫొటో వాట్సాప్‌లో పెడితే డైటీషియన్ సరే అంది. పాలు పడక గ్యాస్ వచ్చేవాళ్లకి కూడా ఐసొలేటే నయం, లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) తక్కువ.

బిల్లు కట్టేముందు పౌడర్ తీసేస్తే ఎంతవుతుందో కౌంటర్‌లో అడగండి. తప్పనిసరి అనే చెప్తారు. నా పక్క బెడ్ ఆవిడ గట్టిగా అడిగితే మాట్లాడకుండా తీసేశారు.