జత విండ్‌టోన్ హారన్ల రివ్యూ: హారన్ మంచిదే, తంటా అంతా డబ్బాలో వచ్చే వైరుతోనే

చిన్న కారుకు 12 వోల్టుల విండ్‌టోన్ జత హారన్లు పెట్టుకోదగ్గవే. షాపులో స్కోడా టైపు అని అడిగినా ఇవే ఇస్తారు, నత్తగుల్లలా చుట్ట తిరిగి ఉంటాయి. వీటితో పాటు డబ్బాలో వచ్చే వైరింగ్ కిట్టును మాత్రం చూసి, పరీక్షించి, చాలాసార్లు పక్కన పెట్టాల్సి వస్తుంది. బిగించిన రోజే "కొత్త హారన్ బొంగురుగా ఉంది, పాతదే నయం" అనిపిస్తే హారన్‌ను తిట్టే ముందు వైరు, ఎర్తు, క్లాంపు (హారన్‌ను పట్టి ఉంచే పట్టీ) చూడండి. తప్పు ఎక్కువగా ఆ మూడింటిలోనే దొరుకుతుంది.

ముందు ఎవరికి పనికొస్తాయో చెప్పాలి. కంపెనీ కారుతో ఇచ్చే డిస్క్ హారన్ సౌండు పదునుగా, కీచుగా ఉంటుంది. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గరో, కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గరో ముందున్న స్కూటర్‌కు వినిపించడానికి అది చాలు. కర్నూలు నుంచి అనంతపురం మీదుగా 44వ నంబరు హైవేలో రోజూ లారీలను దాటేవాళ్లకు, కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగేవాళ్లకు విండ్‌టోన్ మేలు. చుట్టలోని గాలి కూడా కలిసి పలుకుతుంది కాబట్టి సౌండు గుండ్రంగా, నిండుగా ఉంటుంది, చెవిని కోయదు. డబ్బా మీద 118 డెసిబెల్స్ అని చూసి మురిసిపోవద్దు. అది హారన్‌కు 2 మీటర్ల దూరంలో కొలిచే అంకె. బంపర్ వెనకాల బిగించాక అంత రాదు.

జతలో ఒకదాని మీద H, ఇంకోదాని మీద L అని అచ్చు ఉంటుంది. మామూలుగా L 400 హెర్ట్జ్ దగ్గర, H 500 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. సంగీతం తెలిసినవాళ్లకు చెప్పాలంటే ఇది షడ్జమానికీ అంతర గాంధారానికీ ఉన్న దూరమే. అందుకే జత కుదిరితే రెండు హారన్లని తెలియదు, ఒకే గొంతులా వస్తుంది. కొనేటప్పుడు డబ్బా విప్పి రెండక్షరాలూ చూసుకోవాలి. విడిగా ఒక్కొక్కటి కొంటే రెండూ H వచ్చే ప్రమాదం ఉంది. ఒకటి 500, ఇంకోటి 505 దగ్గర పలికితే సౌండు సెకనుకు ఐదుసార్లు లేచి పడుతూ ఊగుతుంది. పాత డిస్క్‌ను ఉంచి పక్కన ఒక్క విండ్‌టోన్ తగిలించినా అంతే, రెండూ కలవవు. ఇంకో మాట, 24 వోల్టుల లారీ హారన్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది. కారుకు పెడితే మూలుగుతుంది. ఒంటి మీద 12వి అని ఉందో లేదో చూడండి.

ఇక బిగించాక సౌండు తేడాగా ఉంటే, ఎలా తేడాగా ఉందో ముందు చెవిపెట్టి వినాలి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

పీలగా, ఒంటరిగా వస్తే రెండింట్లో ఒకటే మోగుతోంది. ఒక కప్లర్ (హారన్ పిన్నులకు తగిలించే ప్లగ్గు) పీకి నొక్కండి, అది పెట్టి రెండోది పీకి నొక్కండి. మోగనిది దొరుకుతుంది. "టక్" అని ఒక్కసారి కొట్టి ఆగిపోతే కాయిల్ లోపలి పలుచని రేకును లాగింది గానీ కాంటాక్టు విడిపోవడం, మళ్లీ కలవడం జరగడం లేదు. హారన్ పని చేసేదే అలా: లాగడం, కాంటాక్టు విడిపోవడం, వెనక్కి రావడం, మళ్లీ కలవడం, ఇది సెకనుకు 400 సార్లు. దానికి చాలినంత వోల్టేజీ అందకపోయినా, వెనకున్న సర్దుబాటు స్క్రూ తిరిగిపోయినా ఒక్క దెబ్బతోనే ఆగుతుంది. గుడగుడ అంటే చుట్టలో నీళ్లు నిలిచాయి. గరగర అంటే క్లాంపు బోల్టు వదులైంది, లేదా హారన్ ఒళ్లు ఎక్కడో కారు రేకుకు తగులుతోంది.

బొంగురు మాత్రం వీటన్నిటికంటే ఎక్కువగా వచ్చేది, ఎక్కువగా తప్పు అర్థం చేసుకునేది. బొంగురంటే వోల్టేజీ చాలడం లేదనే ముందు అనుమానించాలి. కంపెనీ వైరు ఒక్క డిస్క్ హారన్ కోసం లాగినది. దాని ఫ్యూజు చాలా కార్లలో 10 ఆంపియర్లదో 15దో ఉంటుంది. విండ్‌టోన్ ఒక్కొక్కటి దాదాపు 5 ఆంపియర్లు లాగుతుంది, జతకు 10. ఆ భారం సన్న వైరు మీద వేస్తే ఫ్యూజన్నా పోతుంది, గొంతన్నా పోతుంది. లెక్క చూడండి: 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 3 మీటర్లలో 10 ఆంపియర్లు పారితే ఒక్క ఆ వైరులోనే 1 వోల్టుకు పైగా హరించుకుపోతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పావు వోల్టు కూడా పోదు.

కిట్టుతో పేచీ ఇక్కడే. వైరు బయటికి లావుగా కనిపిస్తుంది, లావంతా ప్లాస్టిక్‌దే. కొన కోసి చూస్తే లోపల తీగలు తక్కువ. ఒక తీగను బ్లేడుతో గీకండి. ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా తేలితే రాగి పూత పూసిన అల్యూమినియం, అదే మందం రాగి కంటే కరెంటుకు ఎక్కువ అడ్డం పడుతుంది. అలాంటి కిట్టు వద్దు. ఎలక్ట్రికల్ షాపులో 2.5 వైరు నాలుగు మీటర్లు, 4 పిన్నుల 12 వోల్టుల 30 లేదా 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్చు), ఫ్యూజు హోల్డరు, థింబుల్స్ (వైరు కొనకు బిగించే లోహపు ముక్కలు) విడిగా తెచ్చుకోవడం ఉత్తమం.

కొలవడం కష్టమేం కాదు. మల్టీమీటర్ డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఇంజన్ నడుస్తుండగా ముందు బ్యాటరీ దగ్గర చూడండి, 13.5 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇప్పుడు ఒకరు హారన్ నొక్కితే ఇంకొకరు మూడు చోట్ల చూడాలి. బ్యాటరీ ప్లస్‌కూ హారన్ ప్లస్ పిన్నుకూ మధ్య 0.5 వోల్టు దాటకూడదు. హారన్ ఎర్తు పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.2 దాటకూడదు. హారన్ రెండు పిన్నుల మధ్య 12కు పైన రావాలి. మోగేటప్పుడు అంకె కొంచెం ఆడుతుంది, కంగారు పడొద్దు. మొదటిది ఎక్కువైతే వైరు, ఫ్యూజు హోల్డరు, రిలే చూడాలి. రెండోది ఎక్కువైతే ఎర్తు. రెండూ బాగుండి కూడా బొంగురైతేనే హారన్ మీద అనుమానం. అదీ తేల్చుకోవడానికి 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన లావు వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా ఒక్కొక్కదాన్ని ఒక సెకను మోగించండి. క్లాంపు పట్టుకుని మోగించాలి, ఒళ్లు అదిమి పట్టుకుంటే గొంతు నొక్కినట్టే. నేరుగా ఇచ్చినా బాగా పలకకపోతే హారన్‌ను షాపుకు తిరిగి ఇచ్చేయాలి.

ఎర్తు గురించి విడిగా చెప్పాలి. చాలా కార్లలో పాత డిస్క్‌కు ఒకే వైరు ఉంటుంది, ఎర్తు క్లాంపు ద్వారా కారు బాడీకి పోతుంది. విండ్‌టోన్‌కు రెండు పిన్నులు. రెండో పిన్నుకు ఎర్తు వైరు తప్పనిసరి. దాన్ని రంగు వేసిన రేకు మీద బోల్టు కింద నొక్కితే ఎర్తు రాదు, రంగు గీకి మెటల్ బయటపెట్టాలి, బిగించాక కొంచెం గ్రీజు పూయాలి. ప్లస్ మైనస్ తారుమారైనా మామూలు హారన్ మోగుతుంది. ఒంటి మీద + − గుర్తులుంటే మాత్రం వాటి ప్రకారమే ఇవ్వాలి.

రిలేలో 30వ పిన్నుకు బ్యాటరీ ప్లస్ రావాలి, మధ్యలో 15 లేదా 20 ఆంపియర్ల ఫ్యూజు, అది బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. 87 నుంచి రెండు హారన్లకూ. పాత హారన్ కప్లర్‌లోని ప్లస్ 86కు, 85 ఎర్తుకు. కొందరు పని తొందరలో 30ని కూడా పాత హారన్ వైరు నుంచే లాగుతారు. అప్పుడు హారన్లు మోగగానే ఆ సన్న వైరులో వోల్టేజీ పడిపోతుంది, రిలే వదిలేస్తుంది, వోల్టేజీ లేస్తుంది, రిలే మళ్లీ పట్టుకుంటుంది. వినడానికి హారన్ నత్తి కొడుతున్నట్టు ఉంటుంది. వేలు రిలే మీద పెడితే టకటక తెలుస్తుంది. 5 పిన్నుల రిలే ఇస్తే నడిమి 87ఏ ఖాళీగా వదలాలి, అక్కడ వైరు పడితే బ్యాటరీ తగిలించగానే మోగుతూనే ఉంటుంది. వారంటీ ఉన్న కారులో కంపెనీ వైరు కోయనివ్వొద్దు. పాత కప్లర్‌లోకి దూరే థింబుల్‌తో పని అయిపోతుంది.

క్లాంపును అందరూ చిన్నచూపు చూస్తారు. హారన్‌తో వచ్చే పలుచని స్ప్రింగు పట్టీ ఊరికే ఇవ్వరు, హారన్ స్వేచ్ఛగా అదరడానికే అది. అందలేదని దాని బదులు లావు ఇనుప పట్టీ వేసినా, ఒంటినే ఛాసిస్‌కు ఆనించినా సౌండు చచ్చిపోతుంది. చుట్టూ వేలు దూరే సందు ఉండాలి. నోరు ముందుకు, కొంచెం కిందికి చూడాలి. పైకి చూస్తే వాన నీళ్లు, కార్ వాష్ నీళ్లు అందులోకే. ఆషాఢం గాలికి అనంతపురం వైపు లేచే దుమ్ము, కర్నూలు నల్లరేగడి బురద నోట్లో చేరి గట్టిపడతాయి. బోరు నీళ్లతో కడిగితే పిన్నుల మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. ఆరు నెలలకోసారి కప్లర్ పీకి పిన్నులు గీకి తుడవాలి.

వెనకున్న సర్దుబాటు స్క్రూ మీద చాలామంది చెయ్యి పెడతారు. కొత్త హారన్‌లో దాన్ని తాకకూడదు. దాని మీద సీలుగా వేసిన లక్క తీస్తే షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. పాతబడి గొంతు తగ్గిన హారన్‌కైతే మొదట ఉన్నచోట గుర్తు పెట్టుకుని, ఒక్కోసారి పావు చుట్టు కంటే తక్కువే తిప్పి, ఆంపియర్లు కొలుస్తూ సరిచేయాలి. సౌండు పెరుగుతోందని తిప్పుకుంటూ పోతే కరెంటు పెరిగి కాంటాక్టులు మాడిపోతాయి.

స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రమే హారన్ తెగిపోతుంటే అది స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్‌తో పాటు తిరిగే చుట్ట వైరు) పని. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్‌ను రోడ్డు పక్కన విప్పించొద్దు, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వాలి.

రెండు స్వరాలు ఒక్కసారే మోగే ఈ జతతో చట్టానికి ఇబ్బంది లేదు. ఒకదాని వెంట ఒకటి పాటలా మోగే హారన్లు 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ దాని కింద నిషిద్ధం. అదే షాపులో అవీ అంటగట్టబోతారు, తీసుకోవద్దు.

హారన్లకు ఐదులో నాలుగు, కిట్టుకు ఒకటిన్నర. కూలీ ఇచ్చే ముందు హెడ్‌లైట్లు, ఏసీ వేసి, ఇంజన్ నడుస్తుండగా ఒకసారి, ఆపి ఒకసారి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ ఒకసారి నొక్కించి వినండి. ఇంజన్ ఆపినప్పుడు మాత్రమే బొంగురైతే బ్యాటరీని పరీక్ష చేయించాలి.