అరకుకు రైలా, కారా? మకాం కొండ మీదా, కడలి పక్కనా?

విశాఖ వైపు టూర్ అనగానే ఎక్కువమంది వేసుకునే ప్లాన్ ఇది: వైజాగ్‌లో మూడు రాత్రులకు హోటల్, మధ్యలో ఒకరోజు అరకు. పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేయడం. వైజాగ్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. హైవే మీదైతే అదేమంత దూరం కాదు. కానీ శృంగవరపుకోట (ఎస్.కోట) దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది, అక్కడి నుంచి లెక్క కిలోమీటర్లతో కాదు, మలుపులతో. టీకి ఒకసారి, పిల్లల వాంతికి ఒకసారి ఆగితే నాలుగు గంటలు సులువుగా పడుతుంది. రానూపోనూ ఎనిమిది గంటలు బండిలోనే పోతే బొర్రా గుహలకు గంటన్నర, అరకులో భోజనానికి గంట మిగులుతాయి. మిగతావన్నీ కారు అద్దంలోంచి చూడాల్సిందే. ఈ ప్రాంతాన్ని చూసే పద్ధతుల్లో ఇది అన్నిటికన్నా నష్టం.

బొర్రా గుహల గుండా పారే గోస్తని నది అనంతగిరి కొండల్లో పుట్టి, కిందికి దిగి తాటిపూడి రిజర్వాయర్‌లో నిలిచి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ, చెరువు, తీరం మూడూ ఒకే నది ఒడ్డున ఉన్నప్పుడు దాని వెంటే దిగి రావడం కన్నా మంచి రూటు మరొకటి లేదు. అందుకే రైల్లో పైకి ఎక్కడం, రెండు రాత్రులు కొండ మీద ఉండటం, రోడ్డు మీద నదితోపాటు కిందికి రావడం మేలు. ఎందుకో, ఎవరికి ఇది నప్పదో చూద్దాం.

ఎక్కేటప్పుడు: రైలా, రోడ్డా?

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. మనుషుల కోసం వేసింది కాదు కాబట్టే ఇంత అందమైన చోట్ల నుంచి పోతుంది, ఇంత ఆలస్యం కూడా అవుతుంది. ఖనిజం రైళ్లకు దారివ్వడానికి చిన్న స్టేషన్లలో ఆపేస్తారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా మొత్తం 58 సొరంగాలు. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, ఆ తర్వాత శిమిలిగుడ. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున్న స్టేషన్ అది. అక్కడి నుంచి రైలు కొంచెం దిగి అరకు చేరుతుంది.

కిరండూల్ వెళ్లే పగటి రైలు వైజాగ్‌లో ఉదయం ఏడుకు ముందే బయల్దేరి పదకొండు ప్రాంతంలో అరకు చేరుస్తుంది. కారుకన్నా ఏమంత ఆలస్యం కాదు. ఘాట్ రోడ్డులో కనిపించని లోయలు దీంట్లో కనిపిస్తాయి. పైగా డ్రైవ్ చేసేవాడికీ కొండలు చూసే అవకాశం దొరుకుతుంది. ఇదే లైను మీద రాత్రి ఎక్స్‌ప్రెస్ కూడా ఒకటి ఉంది. పగటి రైల్లో టికెట్ దొరకలేదని అది ఎక్కితే సొరంగానికీ బయటికీ తేడా తెలియదు.

విస్టాడోమ్ బోగీనా, మామూలు బోగీనా అన్నది తర్వాతి ప్రశ్న. విస్టాడోమ్‌లో పైకప్పుకు కూడా అద్దాలుంటాయి, సీటు గుండ్రంగా తిప్పుకోవచ్చు, ఏసీ ఉంటుంది. పెద్దవాళ్లకూ చంటిపిల్లలకూ అదే సుఖం. ఫొటోల మీద ఆశ ఉంటే మాత్రం మామూలు రిజర్వుడు బోగీయే నయం. అద్దం మీద మన మొహమే మెరుస్తుంటే లోయ ఫొటో రాదు. తెరిచిన కిటికీలోంచి వచ్చే తడి గాలీ, సొరంగంలో దూరగానే పిల్లలంతా పెట్టే కేకలూ ఏసీ బోగీలో ఉండవు. విస్టాడోమ్ కావాలంటే రిజర్వేషన్ తెరుచుకునే రోజునే, అంటే ప్రయాణానికి 60 రోజుల ముందే చేసుకోవాలి. డిసెంబరు శని, ఆదివారాల్లో ఆలస్యం చేస్తే దొరకవు.

హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. రాత్రి రైలెక్కి తెల్లవారుజామున వైజాగ్‌లో దిగి, ప్లాట్‌ఫారం మారి కిరండూల్ రైలు పట్టుకోవచ్చని లెక్కేస్తారు. రెంటికీ మధ్య గంట వ్యవధి కనిపిస్తుంది. రాత్రి రైలు గంట ఆలస్యమైతే అరకు టికెట్ డబ్బులతోపాటు ఆ రోజు ప్లానూ పోతుంది. రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి రైల్వే బాధ్యత ఉండదు. ముందురోజే వచ్చి వైజాగ్‌లో ఒక రాత్రి ఉండటం మంచిది.

రైలు ఎవరికి నప్పదు? వానాకాలంలో వెళ్లేవాళ్లకు. జులై నుంచి అక్టోబరు దాకా గట్టి వాన పడితే ఘాట్‌లో బండరాళ్లు పట్టాల మీదికి జారతాయి, రైలును రద్దు చేస్తారు, లేదా మధ్యలో ఆపేస్తారు. రెండో లైను పనుల వల్ల కూడా అప్పుడప్పుడూ మార్పులుంటాయి. ముందు రోజు రాత్రి రైలు నడుస్తుందో లేదో చూసుకుని పడుకోవాలి. రద్దయితే ద్వారకా బస్ స్టేషన్ నుంచి అరకుకు ఆర్టీసీ బస్సులుంటాయి. చౌక, నమ్మకం, కాకపోతే మధ్యలో ఎక్కడా దిగి చూసే వీలుండదు.

ఇక కారు. ఖర్చు లెక్క చాలామందికి తెలియక ఇక్కడే దెబ్బతింటారు. ఊరి బయటికి కారు మాట్లాడితే రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని డబ్బులు కట్టాలి, పైన డ్రైవర్ బత్తా. మీరు రెండో రోజు అరకు చుట్టూ నలభై కిలోమీటర్లే తిరిగినా పూర్తి రోజు డబ్బులూ పడతాయి. నలుగురు కుటుంబం రైల్లో ఎక్కి, అరకులో ఆటోనో జీపో మాట్లాడుకుని, దిగేరోజుకు మాత్రం వైజాగ్ నుంచి ఒక కారు రప్పించుకుంటే, మూడు రోజులు కారు వెంట ఉంచుకున్నదానికన్నా తక్కువవుతుంది. ఆరుగురికి మించి ఉంటే, నడవలేని పెద్దవాళ్లుంటే కారు లెక్కే గెలుస్తుంది.

సొంత కారైతే ఎస్.కోటలో పెట్రోలు నింపుకోండి, పైన బంకులు తక్కువ. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచి దిగడం ఈ ఘాట్‌లో మామూలుగా జరిగే తప్పు. పదిహేను కిలోమీటర్లు అలా నొక్కి పట్టుకుంటే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. రెండో గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగుల్చుకుందామనేవాళ్లకు ఈ రోడ్డు మంచిది కాదు. ఆటోమేటిక్ అయితే కింది గేరులో లాక్ చేసుకోవాలి.

బొర్రాలో దిగాలా, అరకు దాకా వెళ్లాలా?

రైలు టికెట్ అరకుకు తీసుకోవచ్చు, లేదా బొర్రా గుహలు స్టేషన్‌లోనే దిగిపోవచ్చు. సామాను తేలికైతే దిగడమే మేలు. రైలు సమయానికే వస్తే గుహలు తెరిచే పదింటి ప్రాంతానికే అక్కడుంటారు, వైజాగ్ నుంచి టూరిస్టు బస్సులు చేరేలోగా సగం చూసేస్తారు. తర్వాత జీపులో అరకు చేరుకోవచ్చు. పెట్టెలుంటే నేరుగా అరకు వెళ్లి, దిగేరోజు దారిలో బొర్రా చూడండి. గుహలకు మెట్లు చాలా ఉన్నాయి, వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. లోపల చెమ్మ వల్ల నేల జారుతుంది, చెప్పులకన్నా బూట్లు మంచివి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు పైభాగం చూసి ఆగిపోయినా నష్టం లేదు, పెద్ద గది, పైనుంచి వెలుగు పడే కన్నం అక్కడే ఉన్నాయి. బయట కోతులు చేతిలో ఉన్న కవరు లాక్కుంటాయి, తినేవి బ్యాగులో ఉంచాలి.

బొంగులో చికెన్ తినాలనుకుంటే గుహల్లోకి వెళ్లేముందే చెప్పి వెళ్లండి. నిప్పుల మీద కాలడానికి అరగంట, ముప్పావుగంట పడుతుంది. అప్పటికప్పుడు చేతిలో పెట్టారంటే అది ఎప్పుడో కాల్చి మళ్లీ వెచ్చబెట్టిందే.

అరకా, లంబసింగా?

చలి కోసం వెళ్లేవాళ్లు ఈ రెంటినీ పోల్చుకుంటారు. ముందు ఒక మాట: మన మంచు అనే మాటలో పొగమంచు, నిజమైన మంచు రెండూ కలిసిపోయాయి. 'ఆంధ్రా కాశ్మీర్' అన్న పేరు చూసి తెల్లటి గడ్డల మంచు ఉంటుందనుకుని లంబసింగి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడున్నది పొగమంచు. కొన్ని శీతాకాలాల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వెళ్తుంది, గడ్డి మీద నీటి బొట్లు గడ్డకడతాయి, అంతే.

లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. దానికి రైలు లేదు, నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కాలి. దాని అందం తెల్లవారుజాము నుంచి ఎండెక్కేదాకానే. ఆ తర్వాత స్ట్రాబెర్రీ తోటలు, తాజంగి రిజర్వాయర్ చూస్తే పని అయిపోతుంది. వైజాగ్ నుంచి అర్ధరాత్రి బయల్దేరి తెల్లారేసరికి చేరాలనే ప్లాన్ మాత్రం వద్దు. నిద్రలేని డ్రైవర్, పొగమంచు, ఘాట్ మలుపులు మూడూ ఒకేసారి కలుస్తాయి. వెళ్తే ముందురోజు సాయంత్రమే చేరి అక్కడే పడుకోవాలి.

కుటుంబంతో మొదటిసారి వెళ్తుంటే అరకే. చూడటానికి రోజంతా సరిపడా ఉంది: పద్మాపురం తోటలు, గిరిజన మ్యూజియం, డుంబ్రిగుడ దగ్గర చాపరాయి. చాపరాయి రాళ్లు నాచుతో జారతాయి, వానాకాలంలో నీళ్లలోకి దిగకూడదు. మేఘాల సముద్రమే కావాలంటే రెండింటికన్నా పాడేరు దగ్గరి వంజంగి మంచిది. నవంబరు నుంచి జనవరి దాకా, ఆకాశం తేటగా ఉండి రాత్రి బాగా చలేసిన మర్నాడు లోయ మేఘంతో నిండుతుంది. దానికి పాడేరులో రాత్రి ఉండి నాలుగింటికే బయల్దేరాలి, చివర నడక ఉంటుంది, టార్చి తీసుకెళ్లాలి. అరకులో పడుకుని తెల్లారేలోగా వంజంగి చేరడం కష్టం. కొండ మీద రెండు రాత్రుల్లో ఒకటి అరకు, ఒకటి పాడేరు అన్నది కుర్రాళ్లకు కుదిరే పద్ధతి. చిన్నపిల్లలుంటే రెండూ అరకులోనే.

వలిసె పూల పసుపు కోసం అయితే అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మొదటి దాకా. జలపాతాలకు సెప్టెంబరు, అక్టోబరు. ఏప్రిల్, మే నెలల్లో అరకు వైజాగ్‌కన్నా చల్లగా ఉంటుంది, కాని కొండలు పసుపూ కాదు, పచ్చగా కూడా ఉండవు.

దిగేటప్పుడు: నదితోపాటు

తిరుగు ప్రయాణానికి రైలు వద్దు. కిరండూల్ నుంచి వచ్చే రైలు ఎక్కువసార్లు ఆలస్యం, చలికాలంలో కింద స్టేషన్లకు వచ్చేసరికే చీకటి పడుతుంది. ఉదయం తొమ్మిదికి రోడ్డు మీద బయల్దేరండి. దారిలో గాలికొండ వ్యూ పాయింట్, అనంతగిరి కాఫీ తోటలు ఉంటాయి. కాఫీ పొడి గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనడం నయం. ప్యాకెట్ మీద చికోరీ ఎంత శాతమో చదివి తీసుకోండి, రోడ్డు పక్క పొట్లాలకు ఆ ముద్రే ఉండదు.

ఎస్.కోటకు దిగాక తాటిపూడి వైపు మళ్లండి. రిజర్వాయర్ గట్టు మీద నిలబడితే పొద్దున దాటి వచ్చిన కొండలే ఎదురుగా కనిపిస్తాయి. ఇక్కడ గంట చాలు. అరకుకు పోయే కార్లన్నీ తాటిపూడిని పట్టించుకోకుండా దాటిపోతాయి, అందుకే ఇంత ప్రశాంతంగా ఉంది. చెరువు, పక్షులే ముఖ్యం అనుకునేవాళ్లకు మాత్రం తాటిపూడి కన్నా అనకాపల్లి వైపున్న కొండకర్ల ఆవ మేలు. తాటి దోనెల్లో తామరాకుల మధ్య తిప్పుతారు. కానీ అది పూర్తిగా వేరే దిక్కు, దానికి వేరే పూట కేటాయించాలి.

తాటిపూడి నుంచి పద్మనాభం, తగరపువలస మీదుగా భీమిలి. ఇక్కడ డచ్చివారి సమాధులున్నాయి, గోస్తని సముద్రంలో కలిసేది ఇక్కడే. ఆ కలిసే చోట ఇసుక గట్టిగా కనిపించినా నీళ్లలోకి దిగకండి, లోతూ ప్రవాహమూ రోజుకోలా మారతాయి. భీమిలి నుంచి వైజాగ్‌కు బీచ్ రోడ్డు పట్టుకుంటే ఎర్రమట్టి దిబ్బలు, మంగమారిపేట, తొట్లకొండ, రుషికొండ వరసగా వస్తాయి. దిబ్బలను సాయంత్రం నాలుగు, నాలుగున్నరకు చూడాలి. మిట్టమధ్యాహ్నం నీడలు లేక ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

సముద్రం పక్కన మకాం: రుషికొండా, ఆర్కే బీచా?

ఊరిలో తిరగాలనుకుంటే, జలాంతర్గామి మ్యూజియం చూడాలనుకుంటే ఆర్కే బీచ్ దగ్గర. సోమవారం ఆ మ్యూజియం మూసి ఉంటుంది, చివరి రోజు సోమవారం కాకుండా చూసుకోండి. నీళ్లలో దిగాలనుకుంటే రుషికొండ. ఆర్కే బీచ్‌లో ఒడ్డు దగ్గరే లోతుంటుంది, వెనక్కు లాగే ప్రవాహాలూ ఉంటాయి. చూడటానికి ప్రశాంతంగా కనిపించే రోజునే ప్రాణాలు పోతుంటాయి. రుషికొండలో గజ ఈతగాళ్లు కాపలా ఉన్న భాగంలో, జెండాల మధ్యే దిగాలి, నడుము లోతు దాటకూడదు.

తూర్పు తీరం కాబట్టి సముద్రంలో సూర్యాస్తమయం ఇక్కడ దొరకదు, సూర్యుడు ఊరి వెనక కొండల్లోకి దిగిపోతాడు. చివరి రోజు పొద్దున ఐదున్నరకే లేచి ఒడ్డుకు వెళ్తే మాత్రం నీళ్లలోంచి పొద్దు పొడవడం, దానికి ఎదురుగా చేపల పడవలు రావడం రెండూ కనిపిస్తాయి.