"మౌస్ సపోర్ట్ ఉంది" అన్న ఒక్క మాట చూసి పాత ఫస్ట్ పర్సన్ గేమ్స్ కొనేయకండి

గత నెల సేల్‌లో మూడు పాత గేమ్స్ కొన్నాను. 1992 నాటి అల్టిమా అండర్‌వరల్డ్, 1993 నాటి డూమ్, 1994 నాటి సిస్టమ్ షాక్. మూడూ కలిపి ఏడొందల లోపే. సైట్ పేరు చెప్పను గానీ, మూడింటి పేజీల్లోనూ రెండు మాటలు పెద్దక్షరాల్లో ఉన్నాయి: విండోస్ 11లో పనిచేస్తుంది, మౌస్ సపోర్ట్ ఉంది. రెండూ నిజమే. అబద్ధమైతే డబ్బులు వెనక్కి అడగడానికి ఓ దారైనా ఉండేది.

మనకిప్పుడు ఫస్ట్ పర్సన్ గేమ్‌లో, అంటే పాత్ర కళ్లలోంచే చూస్తూ ఆడే ఆటలో, మౌస్ అంటే ఒకటే అర్థం. మౌస్ కదిపితే తల తిరగాలి. పాత డూమ్‌లో మౌస్ కుడి ఎడమలకి జరిపితే మనిషి తిరుగుతాడు, అక్కడిదాకా బాగానే ఉంది. మౌస్ ముందుకు తోస్తే మాత్రం పైకి చూడడు, ముందుకి పరిగెడతాడు. వెనక్కి లాగితే వెనక్కి నడుస్తాడు. అప్పటి డూమ్‌లో పైకీ కిందకీ చూడడం అనేదే లేదు. శత్రువు మెట్ల మీద ఉన్నా గుంటలో ఉన్నా వాడికి ఎదురుగా తిరిగి కాలిస్తే చాలు, గుండు ఎత్తు సంగతి ఆటే చూసుకుంటుంది. కాబట్టి మౌస్‌లో ఆ రెండో దిక్కు ఖాళీగా ఉండిపోయింది, దాన్ని నడకకి వాడుకున్నారు. ఆ రోజుల్లో అది సబబే. ముప్పై ఏళ్లుగా వేరే అలవాటు పడ్డ చేతికి మాత్రం నరకం.

మొదటి లెవెల్లో ఆకుపచ్చ రసాయనం మీద వంకర టింకరగా ఒక దారి ఉంటుంది, ఆడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. దూరంగా ఎవడో కనిపించాడు. వాడి వైపు గురి పెట్టబోయి మౌస్ కాస్త పైకి తోశాను. మనవాడు నేరుగా రసాయనంలోకి దిగాడు. ఎక్కి మళ్లీ గురి పెట్టాను, మళ్లీ దిగాడు. పక్కన కూర్చున్న మా మేనల్లుడు కాసేపు చూసి, "మామయ్యా, స్నానానికి వచ్చాడా వీడు?" అన్నాడు.

సరే, మౌస్ వదిలేద్దాం, తొంభైల్లో కంప్యూటర్ సెంటర్లో ఆడినట్టే కీబోర్డ్ మీద ఆడదాం అనుకున్నాను. యారో కీలతో నడక, కంట్రోల్‌తో కాల్పు, స్పేస్‌తో తలుపు, షిఫ్ట్‌తో పరుగు, ఆల్ట్ పట్టుకుని యారో నొక్కితే పక్కకి జరగడం. వేళ్లకి ఇంకా గుర్తుంది, ఆశ్చర్యం. కానీ అప్పటి కీబోర్డ్ వేరు, ఇప్పటి ల్యాప్‌టాప్ వేరు. నా ల్యాప్‌టాప్‌లో పై యారో, కింది యారో కలిపి ఒక్క కీ అంత ఉంటాయి. ఒకదానికి బదులు ఇంకోటి నొక్కడం మామూలైపోయింది. పరిగెత్తడానికి కుడి షిఫ్ట్ పట్టుకుని ఉంటే ఎనిమిది సెకన్లకి విండోస్ లేచి "ఫిల్టర్ కీస్ ఆన్ చేయమంటారా" అని అడుగుతుంది. షిఫ్ట్ టకటకా ఐదుసార్లు కొడితే స్టిక్కీ కీస్ అంటుంది. రెండూ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డ్ కింద ఉంటాయి. ముందే ఆపేసుకోండి.

అసలు దెబ్బ ఇది కాదు. ఇలాంటి పాత గేమ్స్ చాలావరకు డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాం లోపల పెట్టి అమ్ముతారు, పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం అది. దానికి సొంత షార్ట్‌కట్‌లు ఉన్నాయి, అవి చాలావరకు కంట్రోల్ కీతో మొదలవుతాయి. డూమ్‌లో కాల్పు కంట్రోల్. సేవ్ చేసిన చోటికి తిరిగి వెళ్లడానికి ఎఫ్9. డాస్‌బాక్స్‌లో కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే ఏమవుతుందో ఊహించండి. ఏమీ అడగకుండా మొత్తం మూసేస్తుంది. హెల్త్ పదకొండు శాతానికి వచ్చింది, కంగారులో కంట్రోల్ మీద వేలు తీయకుండానే ఎఫ్9 కొట్టాను. తెర మీద నా డెస్క్‌టాప్, దాని మీద మా అమ్మాయి పుట్టినరోజు ఫోటో. గేమ్ క్రాష్ అయిందనుకుని రెండు రోజులు డ్రైవర్లు అప్‌డేట్ చేశాను. ఇంకో తమాషా కూడా ఉంది. సేవ్ చేసే కీ ఎఫ్6. కంట్రోల్‌తో కలిపి ఎఫ్6 నొక్కితే డాస్‌బాక్స్ గేమ్ సౌండ్ రికార్డ్ చేయడం మొదలుపెడుతుంది. డిస్క్‌లో చోటు ఎందుకు తగ్గుతోందో అని వెతికితే, నా తుపాకీ మోతలు గంటల కొద్దీ వేవ్ ఫైళ్లుగా దొరికాయి.

ఇందులో ఒక్క ముక్క ఆ అమ్మకం పేజీలో లేదు. కాల్పు కీ మార్చుకుంటే ఈ గొడవ తీరిపోతుంది. డూమ్‌తోపాటే వచ్చే సెటప్ ప్రోగ్రాంలో మార్చుకోవచ్చు. వాళ్లు ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది.

సిస్టమ్ షాక్ దగ్గరికి వచ్చేసరికి నా ఓపిక అయిపోయింది. ఇక్కడ మౌస్ పూర్తిగా పనిచేస్తుంది, కానీ బాణం గుర్తులా. తెర మీద వస్తువులు తీయడానికి, బటన్లు నొక్కడానికి, గురి పెట్టి కాల్చడానికి. తల తిప్పడానికి కాదు. ముందుకి నడవాలంటే ఎస్, వెనక్కి ఎక్స్, తిరగడానికి ఏ, డీ, పక్కకి జరగడానికి జెడ్, సీ. పైకి చూడాలంటే ఆర్, కిందికి చూడాలంటే వీ. వంగడానికి, పాకడానికి, పక్కకి ఒరిగి తొంగి చూడడానికి మళ్లీ వేరే కీలు. చేతికి అలవాటైన డబ్ల్యూ, ఏ, ఎస్, డీ పద్ధతి (డబ్ల్యూ ముందుకి, ఎస్ వెనక్కి, ఏ, డీ పక్కలకి) ఇక్కడ పనికిరాదు సరికదా, సగం కలుస్తుంది, సగం కలవదు. అసలు కలవకపోతేనే తేలిక. వెనక్కి తగ్గుదామని ఎస్ నొక్కినప్పుడల్లా మనిషి శత్రువు ఒళ్లోకి నడుస్తాడు.

దీన్ని చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. దీన్ని చేసిన లుకింగ్ గ్లాస్ కంపెనీ వాళ్లకి కాల్పులొక్కటే కాదు, వస్తువుల్ని ముట్టుకోవడం, సంచి సర్దుకోవడం కూడా ఆటే. దానికి తెర మీద కర్సర్ స్వేచ్ఛగా తిరగాలి. అప్పటికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ ఏదీ లేదు, ఎవరికి తోచింది వాళ్లు చేశారు. 1996లో వచ్చిన క్వేక్ అనే కాల్పుల గేమ్‌లో మౌస్‌తో చూడడం ఉంది, కానీ మొదట్లో అది ఆఫ్‌లోనే ఉండేది. గేమ్‌కి ఆదేశాలు టైప్ చేసే కన్సోల్ తెరిచి ప్లస్ గుర్తు పెట్టి ఎంలుక్ అని కొట్టాలి. 1997లో డెనిస్ ఫాంగ్ అనే కుర్రాడు క్వేక్ పోటీ గెలిచి, ఆ గేమ్ చేసినవాళ్లలో ఒకడైన జాన్ కార్మాక్ ఫెరారీ కారు ఇంటికి తీసుకెళ్లాడు. అతను ఆడే తీరు చూసి చాలామంది డబ్ల్యూ, ఏ, ఎస్, డీకి మారారు. 1998లో హాఫ్ లైఫ్ అనే గేమ్ అదే పద్ధతిని ముందే పెట్టి ఇచ్చింది. కాబట్టి నా లెక్క ఇది: 1998కి ముందు గేమ్ అయితే కంట్రోల్స్ గురించి అడక్కుండా కార్డు బయటికి తీయొద్దు.

కస్టమర్ కేర్‌కి రాశాను. రెండు రోజుల తర్వాత జవాబు: "సార్, పేజీలో చెప్పినట్టు మౌస్ సపోర్ట్ ఉంది. మీరు డౌన్‌లోడ్ చేసుకున్నారు కాబట్టి రిఫండ్ కుదరదు." మళ్లీ రాస్తే అదే జవాబు, సార్ అనే మాట తగ్గించి.

అందుకే రిఫండ్ నియమం ముందు చదవండి. గేమ్స్ అమ్మే పెద్ద సైట్లలో, స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలకి తక్కువైతే వెనక్కి ఇస్తారు. కానీ ఇలాంటి గేమ్‌లో కీలు అర్థం చేసుకునేసరికే రెండు గంటలు అయిపోతాయి, గడియారం మీద కన్నేసి ఉంచండి. జీఓజీలో డౌన్‌లోడ్ చేసి ఆడినా 30 రోజుల గడువు ఉంది. చిన్న సైట్లలో ఏ నియమం ఉందో చూడకుండా, నాలా ధర చూసి దిగొద్దు.

ఇంకొకటి, ఏ ఎడిషన్ అమ్ముతున్నారో తప్పకుండా చూడండి. సిస్టమ్ షాక్‌కి 2015లో ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ వచ్చింది. గేమ్ పాతదే, కానీ మౌస్‌తో చూడొచ్చు, కీలు మార్చుకోవచ్చు, కర్సర్ కావాలంటే ఒక్క కీతో తెచ్చుకోవచ్చు. నాకు అంటగట్టింది 1994 నాటిది. 2023లో వచ్చిన రీమేక్ పూర్తిగా వేరే, దాని ధర కూడా వేరే. క్వేక్‌కి 2021లో, డూమ్‌కి 2024లో కొత్త విడుదలలు వచ్చాయి, వాటిలో ఈ తంటాలు లేవు. బొమ్మ ఒకటే, పేరు ఒకటే కాబట్టి ఒక్కోసారి పేజీ చూసి ఏది ఏదో తెలియదు. స్క్రీన్‌షాట్‌లు కాదు, "ఎడిషన్" అన్న చోట చూడండి.

ఇప్పటికే కొనేసి ఇరుక్కున్నవాళ్లకి: డూమ్ సోర్స్ కోడ్‌ని 1997లోనే బయటపెట్టారు కాబట్టి డూమ్‌ని కొత్త కంప్యూటర్లలో నడిపే జీజెడ్‌డూమ్ లాంటి ప్రోగ్రాంలు ఉచితంగా దొరుకుతాయి. మీరు కొన్న గేమ్ తాలూకు వ్యాడ్ ఫైల్‌ని (లెవెళ్లు, బొమ్మలు, శబ్దాలు ఉండే ఫైల్) దాని ఫోల్డర్‌లో పెడితే చాలు, ఇవాళ్టి గేమ్‌లా ఆడొచ్చు. లేదు, డాస్‌బాక్స్‌లోనే ఆడతానంటే నోవర్ట్ అనే బుల్లి ప్రోగ్రాం ఉంది, మౌస్ ముందుకు తోస్తే మనిషి పరిగెత్తకుండా ఆపుతుంది. నేను ఇప్పుడు అలాగే ఆడుతున్నాను. రసాయనంలో స్నానాలు తగ్గాయి.

అల్టిమా అండర్‌వరల్డ్ మాత్రం ఇంకా సాధన చేస్తున్నాను. ఎస్ నడక, డబ్ల్యూ పరుగు, జే గెంతు. కత్తి దూశాక కుడి బటన్ తెర పైన పట్టుకుంటే ఒక రకం దెబ్బ, మధ్యలో ఇంకో రకం, కింద పొడుపు. ఎంతసేపు పట్టి వదిలితే అంత బలం. వారం రోజులు ఇది కూడా చెత్తే అనుకున్నాను. మొన్న రాత్రి ఒక ఎలుకని ఓపిగ్గా గురి చూసి ఒక్క పోటుతో పడగొట్టాక, చెత్త కాదేమో అనిపించింది. ఆ డబ్బులు మాత్రం వాళ్లు వెనక్కి ఇవ్వాల్సిందే.