కాన్‌కూన్ వెళ్తున్నారా? "ఫ్రీ టూర్, ఒక్క బ్రేక్‌ఫాస్ట్ చాలు" అంటే దయచేసి ఆగకండి

మెక్సికోలో బీచ్‌లకి పేరున్న కాన్‌కూన్ నుంచి తిరిగొచ్చి మూడు రోజులైంది, ఇంకా సరిగ్గా నిద్ర పట్టట్లేదు. ఈ సమ్మర్‌లో మనవాళ్ళు చాలామంది అమ్మానాన్నల్ని తీసుకుని అక్కడికే వెళ్తున్నారని తెలుసు, అందుకే కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. వరస తప్పితే సర్దుకుని చదవండి.

మేముండేది డాలస్. అక్కణ్ణుంచి కాన్‌కూన్‌కి మూడు గంటల లోపే ఫ్లైట్. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. రిసార్ట్‌లో చేతికి బ్యాండ్ కట్టాక తిండికీ తాగడానికీ దేనికీ మళ్ళీ డబ్బు తియ్యక్కర్లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళడానికి ఇంతకంటే సులువైన చోటు లేదనుకుని నేనూ, మా ఆవిడా, మా బాబూ, ఊరి నుంచి వచ్చిన అమ్మా నాన్నా, మొత్తం ఐదుగురం నాలుగు రాత్రులకి బుక్ చేసుకున్నాం. మీరందరూ చేసేదే, కొత్తేమీ లేదు.

నాన్న కోసం ఒక్కటే ప్లాన్, చిచెన్ ఇట్జా, అంటే పాతకాలపు మాయా నగరం, అక్కడి పెద్ద పిరమిడ్. ఆయన ముప్ఫై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పారు. బీచ్ అన్నా, స్విమ్మింగ్ పూల్ అన్నా ఆయనకి పట్టదు. ట్రిప్ ఖాయమైన రోజు నుంచీ చిన్న పాకెట్ డైరీలో రాసుకుంటూనే ఉన్నారు. పిరమిడ్‌కి నాలుగు వైపులా మెట్లు, ఒక్కో వైపు 91, నాలుగు వైపులా కలిపి 364, పైన గుడి అరుగు ఒకటి కలిపితే 365, సంవత్సరానికి ఎన్ని రోజులో అన్ని మెట్లు. ఈ లెక్క మా బాబుకి రోజూ చెప్పేవారు. ఆ మెట్ల ముందు నిలబడి చప్పట్లు కొడితే తిరిగొచ్చే ప్రతిధ్వని కెట్సాల్ అనే పక్షి అరుపులా వినిపిస్తుందని ఎక్కడో చదివారు. "ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడాల్రా" అని ఫ్లైట్‌లో కూడా అన్నారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానో కింద అర్థమవుతుంది.

కాన్‌కూన్ ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగులు తీసుకుని కస్టమ్స్ దాటాక, బయటి తలుపుకి ముందు ఒక హాలు వస్తుంది. రెండు వైపులా కౌంటర్లు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో ప్యాడ్ పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. చూస్తే ఎయిర్‌పోర్ట్ స్టాఫ్ అనే అనిపిస్తుంది. "ఏ హోటల్ సర్? మీ ట్రాన్స్‌పోర్ట్ ఇటే" అంటారు. మీరు బుక్ చేసుకున్న వ్యాన్ వాళ్ళు తలుపు అవతల ఉంటారు, ఈ హాల్లో కాదు. మేం ఆగాం. ఆగింది నేను, మావాళ్ళు కాదు. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లాగుతూనే ఉంది.

అక్కడున్న అమ్మాయి మా హోటల్ పేరు తన కాగితంలో చూసినట్టు చూసి, వెల్‌కమ్ అని చెప్పి, ఐదుగురికీ చిచెన్ ఇట్జా టూర్ ఫ్రీ అంది. వ్యాన్, లంచ్, దారిలో సెనోటే స్నానం అన్నీ కలిపి. సెనోటే అంటే నేల కుంగి ఏర్పడిన పెద్ద మంచినీళ్ళ గుండం, ఆ ప్రాంతమంతా సున్నపురాయి నేల కాబట్టి ఇవి చాలా ఉంటాయి. మేం చెయ్యాల్సింది ఒక్కటేనట, శనివారం పొద్దున వేరే రిసార్ట్‌లో బ్రేక్‌ఫాస్ట్‌కి రావాలి, 90 నిమిషాలు కూర్చుని చెప్పేది వినాలి, పదిన్నరకి అక్కణ్ణుంచే వ్యాన్ బయల్దేరుతుంది. తిరిగిచ్చేస్తామని 60 డాలర్లు డిపాజిట్ తీసుకుంది. ఐదుగురికి ఐదారు వందల డాలర్లు మిగులుతాయని లెక్కేసుకున్నాను. ఆ డబ్బుకి కక్కుర్తి పడ్డాను, అంతే. దాని గురించి నన్ను నేను తిట్టుకోని గంట లేదు.

శుక్రవారం బాగానే గడిచింది. మా హోటల్ ముందు బీచ్ అంతా సర్గాసమ్, అదే గోధుమరంగు సముద్రపు నాచు, కుప్పలుగా కొట్టుకొచ్చి కుళ్ళిన గుడ్డు వాసన. తెల్లారుజామున ట్రాక్టర్లతో ఎత్తిస్తున్నా మధ్యాహ్నానికి మళ్ళీ అంతే. ఎండాకాలం నెలల్లో ఇది మామూలేనట. అందుకని ప్వెర్టో హ్వారెస్ నుంచి ఫెర్రీ ఎక్కి ఇస్లా ముహెరెస్ అనే దీవికి వెళ్ళాం, ఇరవై నిమిషాలు. అక్కడ ప్లాయా నోర్టే బీచ్‌లో నాచు లేదు, ఎంత దూరం వెళ్ళినా మోకాలి లోతే. అమ్మ కుచ్చిళ్ళు పైకి పట్టుకుని అరగంట నీళ్ళలోనే నిలబడింది. ఆ ట్రిప్‌లో నాకు మిగిలింది ఆ అరగంటే.

శనివారం. ఏడున్నరకి వాళ్ళే కారు పంపారు. అమ్మకి శనివారం ఒక్కపొద్దు, పళ్ళు తప్ప ఇంకేమీ ముట్టదు. ముందే చెప్తే బొప్పాయి, పుచ్చకాయ, అనాస కోసి పెద్ద ప్లేట్ తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. మాతో మాట్లాడటానికి వచ్చిన మనిషి ఎంత మర్యాదగా ఉన్నాడంటే, అమ్మని మామా అని, నాన్నని పపా అని పిలిచాడు. కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. "మెక్సికోలో ఏం చూడాలని వచ్చారు పపా?" అని అడిగాడు. నాన్న పొంగిపోయారు. డైరీ తీసి మెట్ల లెక్క చెప్పారు, తనకొచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టు. వాడు శ్రద్ధగా విని, తన ప్యాడ్ మీద 365 అని పెద్దగా రాసి చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. గంట తర్వాత అదే కాగితం మీద, అదే 365 కింద, 28,600 డాలర్లు అని ధర రాశాడు.

అది టైమ్‌షేర్. అంటే ముందే డబ్బు కట్టి కొనుక్కుంటే వాళ్ళ రిసార్ట్‌లో ఏడాదికి ఒక వారం చొప్పున పాతికేళ్ళు ఉండొచ్చు. నేను వద్దన్నాను. ధర 24,000 అయింది. వద్దన్నాను. ఇంకొకడొచ్చాడు, ధర 19,900 అయింది. పదిన్నర దాటింది. వ్యాన్ ఏదని అడిగితే "మీ కోసమే ఆగి ఉంది సర్, రెండు నిమిషాలు" అన్నారు. పదకొండున్నరకీ అదే మాట, పన్నెండున్నరకీ అదే మాట. బాబు బల్ల మీద తల పెట్టి నిద్రపోయాడు. పక్క బల్లల దగ్గర ఎవరైనా సంతకం పెట్టినప్పుడల్లా స్టాఫంతా గట్టిగా చప్పట్లు కొడతారు, షాంపేన్ సీసా మూత తీస్తారు.

ఒంటిగంట దాటాక మేనేజర్ వచ్చాడు. నేను లేచి నిలబడి, మేం ఏమీ కొనట్లేదు, వ్యాన్ చూపించండి అన్నాను. అతను నా వైపు చూడలేదు. నాన్న వైపు చూస్తూ అన్నాడు, "మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చాడు. మీరు జీవితమంతా ఈయన కోసం ఖర్చు పెట్టి ఉంటారు. ఈయన మీ కోసం ఒక్క సంతకం పెట్టలేకపోతున్నాడు." అంటూనే వెయిటర్‌కి వేలితో సైగ చేశాడు. వెయిటర్ వచ్చి అమ్మ ముందున్న పళ్ళ ప్లేట్ తీసుకుపోయాడు. అమ్మ చేతిలో ఫోర్క్ ఉంది, దానికి బొప్పాయి ముక్క ఉంది. తినాలో వద్దో తెలియక అలాగే పట్టుకుని నా వైపు చూసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఒంటి మీద చెయ్యి వేసుంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి. నాన్నకి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది, ప్రతి ముక్కా అర్థమైంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తెలుగులో, మెల్లగా, "వీళ్ళకి ఎంత కావాలిట్రా? నా పెన్షన్ డబ్బుల్లోంచి ఇచ్చేస్తాను. అమ్మ నీరసపడిపోతోంది, పోదాం పద" అన్నారు.

నేను సంతకం పెట్టేశాను. అడ్వాన్స్ 15 శాతం, 2,985 డాలర్లు, కార్డు మీద. మా ఆవిడ వద్దంటున్నా పెట్టాను. నాన్న నోట పెన్షన్ అన్న మాట వచ్చాక ఆ గదిలోంచి బయట పడటం తప్ప నాకింకేమీ కనపడలేదు. సంతకం అయిందో లేదో అందరూ చప్పట్లు. నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

కాగితాలన్నీ అయ్యేసరికి రెండూ నలభై. మొదట్నుంచీ "వ్యాన్ ఆగి ఉంది" అన్న మనిషే, పపా అని పిలిచిన ఆ మనిషే, "ఈ రోజు వ్యాన్ పదిన్నరకే వెళ్ళిపోయింది సర్" అన్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. టూర్ కూపన్ తిప్పి చూస్తే మంగళ, బుధవారాలకే చెల్లుతుందని చిన్న అక్షరాల్లో ఉంది. మా ఫ్లైట్ సోమవారం.

బయట ఎండలో టాక్సీ కోసం నిలబడి ఉంటే నాన్న డైరీ తీశారు. చిచెన్ ఇట్జా 200 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. కానీ అది యుకటాన్ రాష్ట్రం, అక్కడి గడియారం కాన్‌కూన్ కంటే గంట వెనక. ఇప్పుడు బయల్దేరితే ఇక్కడి టైము ఐదుంపది, అక్కడి టైము నాలుగుంపది. నాలుగింటికి లోపలికి పంపడం ఆపేస్తారు. ఆ గంట తేడా కూడా కలిపి లెక్కేశారు ఆయన. "పది నిమిషాలు మించిపోతుందిరా, వద్దులే" అని డైరీ జేబులో పెట్టుకున్నారు.

ఆ రాత్రి మా ఆవిడ కాంట్రాక్టు మొత్తం చదివింది. నోటితో ఎవరూ ఏ హామీ ఇవ్వలేదని ఒప్పుకుంటూ ఒక పేజీలో నా పొట్టి సంతకం ఉంది. మెక్సికోలో సంతకం పెడితే ఇక రద్దు ఉండదని వాళ్ళు నాతో చెప్పారు. అది పచ్చి అబద్ధం. అక్కడి వినియోగదారుల రక్షణ చట్టం 56వ అధికరణం ప్రకారం 5 పనిదినాల్లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఆదివారం ఆ లెటర్ పట్టుకుని వెళ్తే మూడు గంటలు కూర్చోబెట్టారు. మామా, పపా అన్న మనిషి మా పక్కనుంచే రెండుసార్లు వెళ్ళాడు, ఎవరో తెలియనట్టు. సంబంధిత ఆఫీసర్ సోమవారమే వస్తాడన్నారు. లెటర్ తీసుకున్నట్టు మా కాపీ మీద స్టాంప్ వెయ్యమంటే వెయ్యలేదు. అక్కడే నిలబడి ఈమెయిల్ పంపాం, లెటర్‌ని వాళ్ళ కౌంటర్ మీద పెట్టి ఫోటో తీశాం, ఇంటికొచ్చిన మర్నాడే కొరియర్‌లో కూడా పంపాం. కార్డు మీద కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాను.

ఆ ఆదివారమైనా నాన్నని చిచెన్ ఇట్జా తీసుకెళ్దామంటే ఆయన రాలేదు. "ముందు ఆ డబ్బు సంగతి చూసుకో" అని రూమ్‌లోనే ఉండిపోయారు. డబ్బు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నాన్నకి డెబ్బై ఒకటి. వచ్చే వారం వాళ్ళ రిటర్న్ టికెట్. నాకు ఒక్క రోజు సెలవు కూడా మిగల్లేదు.

వెళ్ళేవాళ్ళు దయచేసి ఇవి గుర్తుపెట్టుకోండి. ఎయిర్‌పోర్ట్‌లో ఆ హాలు దాటి తలుపు బయటికి వచ్చేదాకా ఎవరు పిలిచినా ఆగకండి. రిసార్ట్ లాబీలో కూడా ఇలాంటి బల్లలే ఉంటాయి, బ్రేక్‌ఫాస్ట్, గిఫ్ట్, మెంబర్ అన్న మాట వినపడగానే వద్దని నడిచిపోండి, మర్యాద చూడకండి, అమ్మానాన్నల్ని మాత్రం అసలు కూర్చోబెట్టకండి. చిచెన్ ఇట్జాకి మీరే వెళ్ళొచ్చు, కాన్‌కూన్ డౌన్‌టౌన్ నుంచి ఏడీఓ అనే కంపెనీ బస్సులున్నాయి, మాయా ట్రైన్‌కి చిచెన్ ఇట్జా దగ్గర స్టేషన్ కూడా ఉంది. పొద్దున 8కి తెరుస్తారు, ఎండ ముదరకముందే చేరండి, గేటు దగ్గర కేంద్రానికీ రాష్ట్రానికీ రెండు విడి టికెట్లు ఉంటాయి. పిరమిడ్ ఎక్కనివ్వరు, కింద నుంచే చూడాలి. ఇంకోటి, అక్కడ పెసోకి కూడా డాలర్ గుర్తే వాడతారు, బిల్లు మీద సంతకం పెట్టేముందు ఏ డబ్బో అడగండి.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఐదు రోజులు దాటనివ్వకండి, నోటిమాట కాదు, రాసి పంపండి, పంపినట్టు రుజువు ఉంచుకోండి, ప్రొఫెకో అనే వాళ్ళ వినియోగదారుల సంస్థకి ఫిర్యాదు చెయ్యండి. టైమ్‌షేర్ నుంచి బయటపడేస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఫోన్లొస్తే అస్సలు కట్టకండి. నాకు నిన్ననే ఒకటి వచ్చింది, లాయర్‌నని చెప్పాడు, నా కాంట్రాక్టు నంబర్ కూడా చదివాడు. పెట్టేశాను. ఈ రకం మోసాల వెనక అక్కడి డ్రగ్ కార్టెల్ మనుషులు ఉన్నారని 2023లో అమెరికా ట్రెజరీ వాళ్ళు ఆంక్షలు కూడా పెట్టారు.

బ్యాంకు ఏం తేల్చినా ఇక్కడే రాస్తాను. ఇదే పరిస్థితిలో డబ్బు వెనక్కి తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఏ కాగితాలు పెట్టారో కాస్త చెప్పండి.