తొలి స్కేట్లు: చక్రాలు చూసి కొనాలా, బూటు చూసి కొనాలా?

మా పాపకు తొమ్మిదేళ్లప్పుడు కొన్న మొదటి స్కేట్లు మూడు వారాలు కూడా నిలవలేదు. కడప బజారులోనే తీసుకున్నాం. గులాబీ రంగు, తిరిగితే వెలిగే లైట్లు, అదే డబ్బాలో హెల్మెట్, మోకాళ్లకు, మోచేతులకు ప్యాడ్లు. మా వరండాలో పరిచినవి పాలిష్ పట్టిన కడప బండలు. ఆ నల్లరాయి మీద పట్టు దొరక్క చక్రాలు పక్కకు జారిపోయేవి. పాపకు బ్యాలెన్స్ రావడం లేదేమోనని నేనే కసిరాను. ఆ మాట ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. చక్రాలు గట్టి పీవీసీవని నాకు తర్వాతే తెలిసింది.

అందుకే కొనేముందు చక్రం మీద గోరుతో గట్టిగా నొక్కి చూడండి. పీవీసీ అయితే బకెట్ మూతలా గట్టిగా, నున్నగా ఉంటుంది. పాలీయురేథేన్, అంటే పీయూ చక్రం, రబ్బరులా కాస్త పట్టుగా తగులుతుంది. దాని మీద 82ఏ, 85ఏ అని అంకె కూడా ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ చక్రం మెత్తన, పట్టు ఎక్కువ. నున్నటి బండల మీద నేర్చుకునేవాళ్లకు 80కి అటూ ఇటూ ఉన్నది హాయిగా ఉంటుంది. సిమెంటు రోడ్డు మీదే తిరిగితే 85ఏ త్వరగా అరగదు.

క్వాడ్సా, ఇన్‌లైనా అని చాలామంది అడుగుతారు. ముందు రెండు, వెనక రెండు చక్రాలుండే క్వాడ్స్ మీద నిలబడటం మొదటిరోజే వచ్చేస్తుంది. కోచింగ్‌లో చేర్చేటట్టయితే ముందు కోచ్‌నే అడగండి. చిన్నపిల్లలకు క్వాడ్స్‌తో మొదలుపెట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ క్వాడ్ చక్రం 60 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. బండకూ బండకూ మధ్య సందు వచ్చినా, రోడ్డు మీద చిన్న కంకర రాయి తగిలినా టక్కున ఆగుతుంది, మనిషి ముందుకు పడతాడు. ఇన్‌లైన్‌లో పెద్దవాళ్లకు 76 నుంచి 80 మిల్లీమీటర్ల చక్రాలు నాలుగు వరసగా ఉంటాయి, అలాంటి సందులను దాటేస్తాయి. రింక్, అంటే స్కేటింగ్ కోసమే కట్టిన నున్నటి మైదానం, లేకుండా వీధిలో, మిద్దె మీద నేర్చుకునేవాళ్లకు నా ఓటు ఇన్‌లైన్‌కే. 110 మిల్లీమీటర్ల మూడు చక్రాలవి చూడ్డానికి బాగుంటాయి గానీ ఎత్తు ఎక్కువ, వేగం ఎక్కువ. మొదటి జతకు అవి వద్దు.

డబ్బు ఎక్కువ పెట్టాల్సింది మాత్రం బూటుకే. సాయంత్రం పూట కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి అప్పుడే కొలవండి. మడమ గోడకు ఆనించి కాగితం మీద నిలబడి, పొడవైన వేలి దగ్గర గీత గీసి, సెంటీమీటర్లలో కొలుచుకోండి. మామూలు చెప్పుల నంబరు నమ్ముకోవద్దు, కంపెనీకో తీరుగా ఉంటుంది. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందు అంచుకు లైటుగా తగలాలి, మోకాళ్లు వంచగానే కాస్త వెనక్కి రావాలి. మడమ లోపల లేస్తుంటే ఆ జత వద్దు. ‘పిల్లలు పెరుగుతారు కదా, రెండు సైజులు పెద్దది తీసుకో’ అని మా అమ్మ చెప్పింది. చెప్పులకు సరిపోయే సలహా అది. స్కేట్ వదులైతే చీలమండ లోపలికి వాలిపోతుంది. పెరిగే పిల్లలకు అడ్జస్టబుల్ కొనొచ్చు, కానీ పొడవు పెంచాక కూడా బూటు చేతులతో మెలిపెడితే మెలి తిరగకూడదు.

గట్టి ప్లాస్టిక్ తొడుగుండే హార్డ్ బూటా, మెత్తటి గుడ్డతో చేసిన సాఫ్ట్ బూటా అన్నదాంట్లో నాకూ చాలా రోజులు తేల్చుకోవడం కుదరలేదు. హార్డ్ బూటులో చీలమండకు దన్ను ఎక్కువ, లోపలి లైనర్ తీసి ఉతుక్కోవచ్చు. మన ఎండలకు కాళ్లు మాత్రం ఉడికిపోతాయి. సాఫ్ట్ బూటుకు గాలి ఆడుతుంది, మొదటిరోజు నుంచే కాలికి నొప్పి ఉండదు. చివరికి నాకోసం చీలమండ చుట్టూ గట్టి ప్లాస్టిక్ కఫ్ ఉన్న సాఫ్ట్ బూటు తీసుకున్నాను. ఉరుకులాడే పాపకు హార్డ్ బూటే కొన్నాను. పొద్దున ఆరింటికే బయల్దేరి ఏడున్నరకల్లా ఇంటికి వస్తాం కాబట్టి ఆమెకు వేడి పెద్ద ఇబ్బంది కాలేదు. రెండింటికీ వెనక బ్రేకు ఉండేలా చూసుకున్నాం. బ్రేకు లేకుండా వచ్చే మోడళ్లూ ఉన్నాయి, నేర్చుకునేటప్పుడు వాటి జోలికి పోవద్దు.

బేరింగుల మీద ఏబెక్ 7, ఏబెక్ 9 అని రాసి ఉంటే దానికోసం అదనంగా ఖర్చు పెట్టొద్దు. అది తయారీలో కచ్చితత్వానికి కొలత, అంతే. మన దుమ్ములో రెండు నెలలు తిరిగాక వాటిని శుభ్రంగా ఉంచుకోవడమే ముఖ్యం.

అక్కడ మిగిలిన డబ్బు గార్డులకు పెట్టండి. సెట్టు డబ్బాలో వచ్చే మోకాలి ప్యాడ్లు వట్టి ఎలాస్టిక్‌వి. పడగానే కిందికి జారి పిక్క మీదికి వచ్చేస్తాయి. వెల్క్రో పట్టీ ఉండి, ముందు గట్టి ప్లాస్టిక్ చిప్ప ఉన్నవి తీసుకోండి. ఆ చిప్ప నేల మీద జారుతుంది కాబట్టి దెబ్బ మోకాలికి ఎక్కదు. గుడ్డ ప్యాడ్ నేలను పట్టేసుకుంటుంది.

హెల్మెట్‌కు సైకిల్‌ది సరిపోతుంది. ఈఎన్ 1078 అనే యూరప్ భద్రతా ప్రమాణం సైకిల్‌తో పాటు స్కేటింగ్‌కూ వర్తిస్తుంది. బండి హెల్మెట్ పెట్టొద్దు, మెడకు బరువు, వెనక వచ్చే బండి చప్పుడు సరిగా వినబడదు. కనుబొమ్మల పైన రెండు వేళ్లంత ఎడం వదిలి పెట్టుకోవాలి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిందంటే పైకి బాగానే కనిపించినా మార్చేయాలి.

మా మొదటి డబ్బాలో రిస్ట్ గార్డులు అసలు లేవు. పడేటప్పుడు ఎవరైనా చేతులే ముందు చాస్తారు, బరువంతా మణికట్టు మీద పడుతుంది. అరచేతి వైపు వంపు తిరిగిన గట్టి ప్లాస్టిక్ పట్టీ ఉన్న రిస్ట్ గార్డులే కొనండి. డబ్బు చాలకపోతే మోచేతి ప్యాడ్లు వచ్చే నెలకు వాయిదా వేయండి గానీ వీటిని వద్దు. పాప కుడిచేతి గార్డు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పట్టీ మీద బండరాయి గీసిన తెల్లని చారలు అరచేయంత పొడవున ఉన్నాయి, ఒక చివర పగులు కూడా వచ్చింది. ఆదివారం లోపల కొత్త జత తేవాలి. అది వచ్చేదాకా పాప స్కేట్లు అటక మీదే.